కానన్ 55–250 ఎస్‌టీఎం: పొద్దుగూకే వేళ సిల్హౌట్ చిత్రాలకు ఎంతవరకు పనికొస్తుంది?

కానన్ సంస్థ 2013లో విడుదల చేసిన ఈఎఫ్-ఎస్ 55–250 మి.మీ. ఎఫ్/4–5.6 ఐఎస్ ఎస్‌టీఎం లెన్స్‌ను చాలామంది పక్షుల కోసమో, మైదానంలో ఆటల కోసమో, దూరపు కొండల కోసమో తీసుకుంటారు. నేను దాన్ని ఎక్కువగా వాడేది మాత్రం ఒకే పనికి. పడమటి ఆకాశం రంగు తిరిగే వేళ ఆ వెలుగుకు అడ్డంగా నిలిచిన మనిషినో చెట్టునో పడవనో నల్లని ఆకారంగా, అంటే సిల్హౌట్‌గా, చిత్రించడమే ఆ పని. ఈ సమీక్ష కూడా ఆ ఒక్క పనికి ఈ లెన్స్ తగినదా కాదా అన్న ప్రశ్నకే పరిమితం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ లెన్స్‌లో లోపాలుగా తరచూ ఎత్తిచూపేవాటిలో చాలావరకు సిల్హౌట్ చిత్రాలకు అడ్డు రావు. నిజంగా అడ్డు వచ్చేవి రెండు మూడు ఉన్నాయి. వాటిని ముందుగా తెలుసుకుని వాడితే, ఏపీఎస్-సి సెన్సర్ (35 మి.మీ. ఫిల్మ్ పరిమాణంలో ఉండే పూర్తి ఫ్రేమ్ సెన్సర్ కంటే చిన్నది) ఉన్న కానన్ కెమెరా చేతిలో ఉన్నవారికి ఈ పనికి ఇంతకంటే మంచి తొలి లెన్స్‌ను నేను సూచించలేను.

నిర్మాణం గురించి క్లుప్తంగా చెబితే చాలు. లెన్స్ బరువు 375 గ్రాములు. లోపల 12 సమూహాలుగా అమర్చిన 15 కటకాలు ఉన్నాయి. ఎపర్చర్‌కు, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రానికి, ఏడు రేకులు, ముందు భాగంలో 58 మి.మీ. ఫిల్టర్ మర, పక్కన ఆటోఫోకస్‌కు ఒకటి, చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజర్‌కు ఒకటి చొప్పున రెండు స్విచ్‌లు ఉన్నాయి. కెమెరాకు బిగించే వలయం ప్లాస్టిక్‌ది. లోహపు వలయం లేదని కొందరు నొచ్చుకుంటారు గానీ, ఇంత తేలికైన లెన్స్‌కు అది పెద్ద లోటని నేను అనుకోను. సాయంత్రం వెలుగు వెంట నడుస్తూ, వంగుతూ, నేల మీద పడుకుంటూ తిరిగేవారికి ఆ తేలికదనమే ఎక్కువ మేలు చేస్తుంది.

అసలు విషయం ఫోకల్ లెంగ్త్, అంటే లెన్స్ పేరులోని మి.మీ. అంకె; అది పెరిగే కొద్దీ దూరపు వస్తువు చిత్రంలో పెద్దదిగా పడుతుంది. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు సుమారు అర డిగ్రీ మాత్రమే. కంటికి అది ఎంత పెద్దదిగా తోచినా, కెమెరాతో పాటు వచ్చే 18–55 లెన్స్‌లో 18 మి.మీ. దగ్గర తీస్తే సెన్సర్ మీద బింబం వ్యాసం 0.17 మి.మీ. మించదు; అంటే చిత్రం నిలువు ఎత్తులో దాదాపు తొంభయ్యో వంతు. దిగంతమంతా కాషాయంలో మునిగిన దృశ్యాన్ని చూసి పరవశించి తీసిన ఫోటోలో సూర్యుడు చిన్న తెల్లచుక్కగా మిగిలిపోవడానికి కారణం ఇదే. ఇదే సూర్యుడు 250 మి.మీ. దగ్గర సెన్సర్ మీద సుమారు 2.3 మి.మీ. వెడల్పున పడతాడు. కానన్ ఏపీఎస్-సి సెన్సర్ ఎత్తు సుమారు 14.9 మి.మీ. కాబట్టి బింబం చిత్రం ఎత్తులో ఆరో వంతుకు దగ్గరగా ఉంటుంది. సూర్యుణ్ణి దృశ్యంలో ఒక పాత్రగా నిలబెట్టడానికి ఆ పరిమాణం చాలు. పూర్తి ఫ్రేమ్ కెమెరా మీద ఇదే కోణం కావాలంటే 400 మి.మీ. లెన్స్ మోయాలి.

అయితే పెద్ద సూర్యుడి పక్కన మనిషి ఎంత కనబడతాడన్నది లెన్స్ తేల్చే విషయం కాదు, నిలబడిన దూరం తేల్చే విషయం. ఏ వస్తువైనా తన ఎత్తుకు సుమారు 108 రెట్ల దూరంలో ఉన్నప్పుడు సూర్యబింబమంత ఎత్తుగా కనిపిస్తుంది. 1.7 మీటర్ల ఎత్తున్న మనిషి సరిగ్గా బింబంలో ఇమిడిపోవాలంటే మీకూ ఆ మనిషికీ మధ్య 180 మీటర్లకు పైగా ఖాళీ ఉండాలి. అందులో సగం దూరానికి వస్తే మనిషి సూర్యుడికి రెండింతలు ఎత్తుగా, చిత్రంలో మూడో వంతు ఆక్రమిస్తూ కనిపిస్తాడు. 60 మీటర్ల దగ్గర దాదాపు సగం ఆక్రమిస్తాడు. పది మీటర్ల చెట్టుకైతే బింబంతో సమానం కావడానికి కిలోమీటరుకు పైగా వెనక్కి పోవాలి. ఈ లెక్క తెలిసినవారు సూర్యుడు దిగకముందే తాము నిలబడవలసిన చోటు ఎంచుకోగలరు. తెలియనివారు జూమ్ వలయాన్ని తిప్పుతూనే ఉంటారు గానీ, మనిషికీ సూర్యుడికీ మధ్య నిష్పత్తి మాత్రం మారదు, ఎందుకంటే జూమ్ రెంటినీ కలిపే పెంచుతుంది. ఈ లెన్స్ తీసుకున్నవారు మొదట నేర్చుకోవలసింది ఇదేనని నా నమ్మకం.

దూరంతో పాటు కెమెరా ఎత్తు కూడా అంతే ముఖ్యం. చదునైన నేల మీద దిగంతరేఖ ఎదురుగా ఉన్న మనిషిని ఎప్పుడూ కెమెరా ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులోనే ఖండిస్తుంది. మనిషి ఎంత దూరంలో ఉన్నా ఈ సంగతి మారదు. నిలబడి కంటి ఎత్తున ఫోటో తీస్తే ఆ మనిషి దాదాపు కళ్ల దాకా నేల నలుపులోనే కలిసిపోయి, తల పైభాగం మాత్రమే ఆకాశంలో మిగులుతుంది. కెమెరాను నేలకు ఒక అడుగు ఎత్తుకు దించితే మోకాలి కింద నుంచి పైకి శరీరమంతా వెలుగు మీద తేలుతుంది. టెలిఫోటో లెన్స్‌తో తీసిన సిల్హౌట్‌లు అస్పష్టమైన నల్లని ముద్దలుగా కనిపించడానికి చాలాసార్లు కారణం లెన్స్ నాణ్యత కాదు, నిలువుగా నిలబడి తీయడమే. ఇక్కడే ఈ లెన్స్ తేలికదనం, తిప్పగలిగే తెర ఉన్న కెమెరాతో కలిసినప్పుడు, నిజంగా అక్కరకొస్తుంది. గట్టు మీదో, మెట్ల పైనో, ఇసుక దిబ్బ అంచునో ఉన్న మనుషులైతే ఈ శ్రమ అంతగా అవసరం లేదు. నేలే వారిని ఆకాశంలోకి ఎత్తి చూపుతుంది.

సమయం తక్కువ. సూర్యుడు ఆకాశంలో తన వ్యాసమంత దూరం జరగడానికి రెండు నిమిషాల కంటే కొంచెం ఎక్కువ పడుతుంది. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో బింబం దాదాపు నిలువుగా దిగుతుంది కాబట్టి దిగంతాన్ని తాకిన క్షణం నుంచి పూర్తిగా కనుమరుగయ్యే దాకా దొరికేది ఆ రెండు నిమిషాలే. ధ్రువాల వైపు వెళ్లే కొద్దీ వాలుగా దిగడం వల్ల ఇంకొంత వ్యవధి ఉంటుంది. 250 మి.మీ. దగ్గర ఈ కదలిక తెర మీద కంటికి కనబడుతుంది. బింబం మధ్యలో నిలిపిన మనిషి చూస్తుండగానే అంచుకు జారిపోతాడు, మీరు పక్కకు జరిగి మళ్లీ సరిచేసుకోవాలి. దిగంతం దగ్గర వాతావరణం కాంతిని సుమారు అర డిగ్రీ పైకి వంచుతుంది. బింబం కింది అంచు నేలను తాకుతున్నట్టు మనకు కనిపించే వేళకు సూర్యుడు నిజానికి దిగంతం కిందికి దిగిపోయి ఉంటాడు. కింది అంచు పై అంచు కంటే ఎక్కువగా పైకి లేవడం వల్ల బింబం పై నుంచి కిందికి కాస్త నొక్కుకుపోయినట్టు కనిపిస్తుంది. చిన్న లెన్స్‌లో పట్టుబడని ఈ ఆకారాన్ని ఈ లెన్స్ స్పష్టంగా చూపిస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన విషయాల్లో ఇది ఒకటి.

ఎక్స్‌పోజర్, అంటే చిత్రానికి అందే వెలుగు మోతాదు విషయంలో ఈ లెన్స్‌తో కొంచెం అదనపు జాగ్రత్త అవసరం. సూర్యబింబం చిత్రంలో పెద్ద భాగం ఆక్రమిస్తుంది కాబట్టి, అది కనిపిస్తున్నప్పుడు కెమెరా మీటర్ దృశ్యాన్ని మరీ చీకటి చేస్తుంది. అదే బింబం మనిషి వెనక్కి వెళ్లగానే ఎదురుగా ఉన్న నలుపును చూసి మీటర్ ఎక్కువ వెలుగు ఇవ్వబోతుంది, ఆకాశం వెలిసిపోతుంది. ఒకే చోట, ఒకే నిమిషంలో తీసిన రెండు చిత్రాలు పొంతన లేకుండా రావడానికి ఇదే కారణం. కెమెరాను మాన్యువల్‌కు మార్చి, సూర్యుడు ఫ్రేమ్‌లో లేకుండా దాని పక్కనున్న ఆకాశాన్ని స్పాట్ మీటరింగ్‌తో (చిన్న భాగాన్ని మాత్రమే కొలిచే పద్ధతితో) కొలిచి, ఆ విలువలను అలాగే ఉంచి, తర్వాత దృశ్యాన్ని కూర్చుకోవడం ఉత్తమం. నేను ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/8తో (ఈ ఎఫ్ అంకె పెరిగే కొద్దీ ఎపర్చర్ చిన్నదవుతుంది) మొదలుపెట్టి షటర్ వేగాన్ని మాత్రమే సరిచేసుకుంటాను. బింబం ఇంకా తెల్లగా మెరుస్తున్నప్పుడు దాని మధ్య భాగం ఎలాగూ నిలవదు, దాన్ని కాపాడే ప్రయత్నంలో ఆకాశం రంగును చంపుకోవడం అనవసరం. బింబం ఎర్రబడి, చుట్టూ ఉన్న ఆకాశంతో వెలుగులో తేడా తగ్గినప్పుడు మాత్రం రెండూ ఒకే ఎక్స్‌పోజర్‌లో ఇముడుతాయి. రంగులను దిద్దే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోకు వదిలేస్తే కెమెరా ఆ అరుణిమను తప్పుగా భావించి దిద్దడానికి చూస్తుంది. పగటి వెలుగు అమరిక అయిన 5200 కెల్విన్ దగ్గర స్థిరంగా ఉంచి, రా ఫైళ్లు (కెమెరా దిద్దని ముడి చిత్రాలు) తీసుకుంటే మంచిది.

ఇప్పుడు లోపాల సంగతి. మొదటిది, అన్నిటికంటే పెద్దది, ఎదురు వెలుగులో లెన్స్ లోపల పుట్టే పొగమంచు లాంటి తెల్లదనం. సూర్యుడు ఫ్రేమ్‌లో ఉన్నప్పుడు నల్లగా ఉండవలసిన ఆకారం మీద పల్చని బూడిద రంగు పొర కమ్ముతుంది, అప్పుడప్పుడు బింబానికి ఎదురు మూల వైపు చిన్న మచ్చలు కనిపిస్తాయి. సిల్హౌట్‌కు ప్రాణం నలుపే కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దీనికి నేను పాటించే నివారణలు కొన్ని ఉన్నాయి. లెన్స్ ముందు రక్షణ కోసం బిగించే చదునైన యూవీ ఫిల్టర్‌ను తీసేయడం వాటిలో ముఖ్యమైనది. ఆ గాజు సెన్సర్ నుంచి తిరిగి వచ్చిన సూర్యుడి ప్రతిబింబాన్ని మళ్లీ లోపలికి పంపి, చిత్రంలో తలకిందులుగా రెండో బింబాన్ని సృష్టిస్తుంది. ముందు కటకం మీద వేలిముద్రలు, దుమ్ము, ఉప్పు గాలి తెచ్చిన తేమ ఉంటే ఆ పొర ఎన్నో రెట్లు పెరుగుతుంది. మామూలు ఫోటోల్లో ఆనవాలు కూడా లేని మరక సాయంత్రపు ఎదురెండలో చిత్రాన్నంతా పాడుచేస్తుంది. అందువల్ల శుభ్రమైన మెత్తటి గుడ్డ ఈ పనికి ట్రైపాడ్ కంటే ముందు కావాలి. పక్క వెలుగును ఆపే ఈటీ-63 అనే హుడ్ లెన్స్‌తో పాటు రాదు, విడిగా తీసుకోవాలి. సూర్యుడు ఫ్రేమ్‌లోనే ఉంటే హుడ్ ఏమీ చేయలేదు గానీ, అంచుకు కాస్త బయట ఉన్నప్పుడు మాత్రం అది లేనిదే పని జరగదు.

ఇంకొక ఉపాయం కూర్పుకు సంబంధించినది. బింబాన్ని మనిషి తల వెనకో, చెట్టు మొదలు వెనకో దాచేస్తే నేరుగా లెన్స్‌లో పడే వెలుగు ఆగిపోతుంది, నలుపు ఒక్కసారిగా చిక్కబడుతుంది, ఆకారం అంచు వెంట సన్నని బంగారు గీత వస్తుంది. బింబాన్ని చూపించాలన్న తాపత్రయం మానుకున్నవారికి ఈ లెన్స్ ఇచ్చే చిత్రాలు చూపించినవారి చిత్రాల కంటే తరచుగా శుభ్రంగా ఉంటాయి.

రెండో లోపం ఫోకస్‌కు సంబంధించినది. ఎస్‌టీఎం మోటార్ నిశ్శబ్దంగా, తగినంత వేగంగా పనిచేస్తుంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ నల్లని ఆకారం మధ్యలో ఫోకస్ బిందువును ఉంచితే అక్కడ పట్టుకోవడానికి వివరమేమీ ఉండదు కాబట్టి లెన్స్ ముందుకూ వెనక్కూ తడుముకుంటుంది. నలుపు ఆకాశాన్ని కలిసే అంచు మీద, భుజం దగ్గరో తల పక్కనో బిందువును పెడితే వెంటనే పట్టుకుంటుంది. పట్టుకున్నాక స్విచ్‌ను ఎంఎఫ్ (మాన్యువల్ ఫోకస్) వైపు జరిపితే, ఆ మనిషి అదే దూరంలో ఉన్నంత సేపు మళ్లీ ఫోకస్ గురించి ఆలోచించే పని ఉండదు. చేత్తో ఫోకస్ చేయడం మాత్రం ఇబ్బందే. వలయం తిప్పడం మోటార్‌కు పంపే సంకేతమే తప్ప కటకాలను నేరుగా కదపదు. కెమెరా నిద్రలో ఉంటే వలయం ఎంత తిప్పినా ఫలితం ఉండదు. దూరాలు సూచించే స్కేల్ కూడా లేదు. చీకటి పడే వేళ ఆటోఫోకస్ తడబడినప్పుడు లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనుక తెర మీద, పెద్దది చేసి చూసుకుంటూ సరిచేయడమే మార్గం.

ఎఫ్/8 ఎందుకన్న ప్రశ్నకు సమాధానం కూడా ఫోకస్‌లోనే ఉంది. 60 మీటర్ల దూరంలోని మనిషి మీద ఫోకస్ చేసి 250 మి.మీ. దగ్గర ఎఫ్/5.6 వాడితే అనంత దూరంలోని సూర్యుడి అంచు కొంచెం మెత్తబడుతుంది. మనిషి 180 మీటర్ల దూరంలో ఉండి, ఎఫ్/8 లేదా ఎఫ్/11 వాడితే రెండూ కంటికి తీరైన అంచులతో కనిపిస్తాయి. ఎక్కువ ఎపర్చర్ ఉన్న పెద్ద లెన్స్‌ల ప్రధాన గుణం నేపథ్యాన్ని కరిగించడం. ఈ తరహా చిత్రానికి ఆ గుణంతో పెద్దగా పని లేదు. బింబం కనిపించినంత సేపు వెలుగుకు కొదవ ఉండదు కాబట్టి, ఎఫ్/5.6 అన్న పరిమితి అప్పటిదాకా పట్టింపుకే రాదు.

బింబం మునిగాక కథ మారుతుంది. ఆకాశంలో రంగులు చాలాసార్లు ఆ తర్వాతే చిక్కబడతాయి, ముఖ్యంగా ఎత్తున పల్చని మబ్బులు ఉన్న రోజుల్లో. సూర్యుడు దిగంతానికి ఆరు డిగ్రీల కిందికి వెళ్లే దాకా సాగే ఆ సంధ్యలో వెలుగు నిమిషనిమిషానికీ తగ్గిపోతుంది. కానన్ ఈ లెన్స్ స్టెబిలైజర్‌కు మూడున్నర స్టాప్‌ల (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపో సగమో కావడం) సామర్థ్యాన్ని ప్రకటించింది. కదలని చెట్టుకూ, కట్టేసిన పడవకూ అది చక్కగా అక్కరకొస్తుంది. 250 దగ్గర మామూలుగా సెకనులో 400వ వంతు వేగం అవసరమైన చోట, స్థిరమైన చేతులున్నవారు 40వ వంతు దాకా దిగవచ్చు. నడిచే మనిషికి మాత్రం స్టెబిలైజర్ ఏ సాయమూ చేయలేదు. సిల్హౌట్‌లో ముఖ కవళికలు ఉండవు, దుస్తుల రంగు ఉండదు, ఉన్నదంతా అంచే. నడకలో విడిపడిన రెండు కాళ్ల మధ్య వెలుగు చీలిక చెదిరిపోతే చిత్రంలో చెప్పడానికి ఏమీ మిగలదు. 250వ వంతు కంటే నెమ్మదిగా పోకుండా ఉండాలంటే ఐఎస్‌ఓను 800కో 1600కో పెంచాలి. ఎఫ్/2.8 లెన్స్ అయితే ఇక్కడ రెండు స్టాప్‌లు ఎక్కువ వెలుగు ఇచ్చేది. ఈ లెన్స్‌కున్న నిజమైన మూడో పరిమితి ఇది. అయినా సిల్హౌట్‌లో నల్లని భాగాలను తర్వాత ఇంకా నల్లగా చేయడమే తప్ప వెలిగించడం ఉండదు కాబట్టి, ఐఎస్‌ఓ పెంచినప్పుడు నీడల్లో పుట్టే రేణువులు చాలావరకు ఆ నలుపులోనే కలిసిపోతాయి. ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు స్టెబిలైజర్‌ను ఆపేయాలి.

అందరూ చెప్పే లోపాల్లో మూలల్లో స్పష్టత తగ్గడం ఒకటి. సిల్హౌట్ చిత్రంలో మూలల్లో సాధారణంగా ఉండేది ఆకాశమో నల్లని నేలో కాబట్టి దాని గురించి నేను పట్టించుకోను. వెలుగుకు ఎదురుగా ఉన్న సన్నని కొమ్మల అంచుల్లో ఊదా, ఆకుపచ్చ రంగు చారలు కనిపించడం మాత్రం పట్టించుకోవలసిందే, ముఖ్యంగా ఎపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు. కానన్ వారి డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్‌లో ఈ లెన్స్ దిద్దుబాటును వర్తింపజేస్తే అందులో చాలా భాగం పోతుంది. ఇంకో విషయం: పగలంతా కాగిన నేల మీదుగా దూరం నుంచి తీసినప్పుడు బింబం అంచు అలలు అలలుగా, మనిషి అంచు మెత్తగా వస్తే ఆ నేరం లెన్స్‌ది కాదు. వేడి గాలి కదలిక వల్ల అలా జరుగుతుంది, ఎంత గొప్ప లెన్స్ అయినా దాన్ని ఆపలేదు. నీటి మీదుగానో, ఎత్తైన చోటి నుంచో తీస్తే చాలావరకు తగ్గుతుంది.

ఏడు రేకుల ఎపర్చర్ వల్ల సూర్యుడి చుట్టూ 14 కిరణాల నక్షత్రం రావాలి. 55 మి.మీ. దగ్గర ఎఫ్/16కు మూసి, బింబం కొమ్మల సందుల్లోంచి చిన్న ముక్కగా మాత్రమే కనిపించేలా నిలబడితే అది వస్తుంది గానీ, రేకుల అంచులు గుండ్రటివి కావడం వల్ల కిరణాలు పదునుగా ఉండవు. ఆ ప్రభావమే కావాలనుకునేవారు వేరే లెన్స్ చూసుకోవాలి.

కళ్ల గురించి చెప్పకుండా ఈ సమీక్ష ముగించలేను. 250 మి.మీ. లెన్స్ గుండా, డీఎస్‌ఎల్‌ఆర్ ఆప్టికల్ వ్యూఫైండర్‌లో సూర్యుణ్ణి చూడడం కంటిపొరకు శాశ్వత నష్టం కలిగించగలదు. బింబం ఎర్రబడి చల్లగా తోచినా, కంటికి కనబడని పరారుణ కాంతి అందులో ఉంటుంది కాబట్టి ఆ చల్లదనాన్ని నమ్మకూడదు. ఈ లెన్స్ బిగించినప్పుడు కూర్పు మొత్తం లైవ్ వ్యూలోనే చేయాలి. అదే సమయంలో లైవ్ వ్యూలో లెన్స్‌ను ఎత్తున ఉన్న సూర్యుడి వైపు ఎక్కువ సేపు నిలిపి ఉంచితే సెన్సర్‌కూ షటర్ తెరకూ ప్రమాదమే. చిత్రానికీ చిత్రానికీ మధ్య లెన్స్‌ను పక్కకు తిప్పడమో, మూత పెట్టడమో అలవాటు చేసుకోవాలి. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో సెన్సర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది కనుక ఈ జాగ్రత్త అవి వాడేవారికి ఇంకా ఎక్కువ అవసరం.

ఏ కెమెరాతో వాడాలన్నది చివరి ప్రశ్న. 2013లోనే వచ్చిన ఈఓఎస్ 70డీ నుంచి మొదలైన డ్యుయల్ పిక్సెల్ ఆటోఫోకస్ (సెన్సర్ మీదే ఫోకస్‌ను పట్టుకునే పద్ధతి) ఉన్న కెమెరాలతో ఈ లెన్స్ లైవ్ వ్యూలో బాగా కలిసి పనిచేస్తుంది, సిల్హౌట్‌లకు నేను కోరేది అదే జోడీ. అంతకు ముందరి కెమెరాల్లో లైవ్ వ్యూ ఫోకస్ నెమ్మదిగా ఉంటుంది, బింబం దిగే ఆ కొద్ది నిమిషాల్లో ఆ ఆలస్యం బాగా తెలుస్తుంది. కానన్ పూర్తి ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు ఈ లెన్స్ అసలు బిగియదు. ఈఓఎస్ ఆర్ శ్రేణి కెమెరాలకు అడాప్టర్ ద్వారా బిగుస్తుంది గానీ, పూర్తి ఫ్రేమ్ కెమెరా అయితే సెన్సర్ మధ్య భాగం మాత్రమే వాడుకుంటుంది. ఏపీఎస్-సి మిర్రర్‌లెస్ కోసం 2023లో వచ్చిన ఆర్‌ఎఫ్-ఎస్ 55–210 ఇంకా తేలికైనదే అయినా, దాని ఎపర్చర్ పొడవైన కొస దగ్గర ఎఫ్/7.1కే ఆగిపోతుంది, పైగా 40 మి.మీ. తక్కువ. బింబం మునిగాక కూడా చిత్రాలు తీయాలనుకునేవారు అడాప్టర్ బరువు భరించి పాత 55–250నే వాడుకోవడం మేలని నా సలహా.